కడియంలో హీటరు బండి

మొన్న రాజమండ్రి నుంచి ఆటోలో వస్తుంటే మోరంపూడి దగ్గర ఒక తెల్లకారు రోడ్డు పక్కకి తీసి, బానెట్ ఎత్తి ఉంది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు లోపల్నించి ఆవిరి బుసబుసమని లేస్తోంది. కారుగలాయన ఇస్త్రీ చొక్కా నలక్కుండా ముందుకి వంగి, చేతికి జేబురుమాలు చుట్టుకుని, రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతున్నాడు. పక్కనే ఆయన భార్య నీళ్ళసీసా పట్టుకుని, అభిషేకానికి వచ్చినట్టు నిలబడి ఉంది. నేను ఆటో ఆపమని చెప్పడం కూడా మరిచిపోయి, సగం బయటికి వంగి, "మూత తియ్యకండి బాబూ, మొహం కాలిపోద్ది" అని కేకేశాను. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆటో దిగి దగ్గరికి వెళ్ళేసరికి ఆ వాసన తగిలింది. బెల్లంపాకం అడుగంటినట్టు, తియ్యగా, కొంచెం మందుల షాపులా ఉండే వాసన. ఇంజను ఆపేసి చల్లారేదాకా కదలొద్దని, ఇంకోసారి దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే హీటరు పూర్తిగా తిప్పమని, అది ఇంజను వేడిని కొంత లాగేస్తుందని చెప్పాను. ఆయన నా మొహం వైపు, నా చేతి సంచీలోంచి తొంగిచూస్తున్న కరివేపాకు వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన భార్య మాత్రం మర్యాదగా, "మీవారు మెకానిక్కా అండి?" అని అడిగింది. "కాదండి, తెలుగు లెక్చరరు" అన్నాను. ఆవిడ ఇంకా అయోమయంలో పడింది. వివరంగా చెబుదామంటే ఆటో అబ్బాయి హారన్ కొట్టేస్తున్నాడు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

నేను కోడలిగా వచ్చింది కడియంలో మొక్కల ఇంటికి. ఇంటి ముందు మొక్కలు, వెనక మొక్కలు, డాబా మీద మొక్కలు. వచ్చిన చుట్టానికి కాఫీ కన్నా ముందు కాలు పెట్టుకునే చోటు చూపించాలి. మా మావయ్యగారికి మొక్కల తర్వాత అంత ఇష్టమైంది ఒక పాత పికప్ బండి. రెండు వరసల సీట్లు, వెనక తొట్టి, ఎప్పుడో నీలంగా ఉండేదని చెప్పే రంగు. మన మొక్కల లోడుతో ఉత్తరాది వెళ్ళొచ్చే లారీవాళ్ళ నోట విని, అక్కడెక్కడో మంచుకొండల కింద బంగాళాదుంపలు మోసిన బండిని ఆయన ఏరికోరి తెప్పించారు. అది మంచుదేశం బండి కాబట్టి హీటరు ఉంది. డాష్‌బోర్డు మీద ఒక పిడి, ఎడంవైపు తిప్పితే నీలం గీత, కుడివైపు తిప్పితే ఎర్రగీత. రోహిణీకార్తెలో రోళ్ళు పగిలే మా ఊళ్ళో ఆ ఎర్రగీత ఎవరికి కావాలి? కొత్తలో ఒకసారి మే నెలలో ఎవరో తెలీక ఆ పిడి తిప్పితే, పక్కన కూర్చున్న పురోహితుడుగారు బండి అంటుకుందనుకుని పంచె పట్టుకుని దూకేశారట. ఆ తర్వాత ఎప్పుడు పోయిందో ఆ హీటరు పోయింది. ఎవరూ దినం కూడా పెట్టలేదు. ఆ పిడికి మావయ్యగారు తన టిఫిను సంచీ తగిలించుకునేవారు.

తర్వాత ఆయన కళ్ళలో నీటికాసులని చెప్పి డాక్టరు డ్రైవింగ్ మానెయ్యమన్నారు. మర్నాడు పొద్దున్నే మావయ్యగారు బండి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. మావారు చిన్నయసూరి వ్యాకరణంలో ఎంత గట్టివారో గేర్ల విషయంలో అంత బలహీనులు; స్కూటరు కూడా ఆయన్ని మోస్తున్నట్టుండేది గానీ ఆయన నడుపుతున్నట్టుండేది కాదు. అలా నేను ఆ ఇంటి డ్రైవర్నయ్యాను. మావయ్యగారు పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, "అమ్మాయ్, ఇంకా రెండులోనే ఉన్నావు, మూడెయ్యి" అనేవారు. ఇంజను మాట ఆయనకి అంత బాగా అర్థమయ్యేది. చూపు తగ్గాక వినికిడి పెరిగిందో, అంతకుముందు అన్ని చప్పుళ్ళనీ మాటలతో కప్పేసేవారో నాకు తెలీదు.

ఇక అత్తయ్యగారు. ఆవిడకి ఉబ్బసం. కార్తీకం వచ్చిందంటే తలకి మఫ్లరు, భుజాలకి శాలువా, చెవుల్లో దూది. పుష్యమాసం దాటేదాకా వీధి అరుగు ఆవిడకి పొలిమేర. చలికాలంలో ఆవిడ ఊరు దాటడం పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా జరగలేదని చెప్పేవారు. ఇంటి మొక్కలన్నీ మావయ్యగారివైతే, వంటింటి వెనకాల పచ్చవల కింద ఉన్న ఆంథూరియాలు మాత్రం ఆవిడవి. నున్నటి ఆకుల మధ్యలోంచి తమలపాకంత ఎర్రటి రేకు, దాని మీద నిలబడ్డ పసుపుపచ్చని ఒత్తి. ఎర్రవే కాదు, తెల్లవి, గులాబీవి, ఒక రకమైతే లేత ఆకుపచ్చలో మొదలై అంచుకొచ్చేసరికి కుంకుమరంగు తిరిగేది. ఆ రకం ఆవిడ తనంతట తాను పుప్పొడి అద్ది, గింజ కట్టించి, ఏళ్ళ తరబడి కాచుకుని పుట్టించుకున్నది. అమ్మకానికి కాదు. అడిగినవాళ్ళకి "అది ఇంకా పసిది" అని చెప్పి పంపేసేవారు.

ఒక మార్గశిరంలో మా నర్సరీకి మొక్కల కోసం ఉద్యానశాఖ ఆవిడొకరు వచ్చారు. మంచినీళ్ళు అడుగుదామని వంటింటివైపు వెళ్ళినావిడ అరగంట దాకా బయటికి రాలేదు. వెళ్ళిన వారానికి ఫోను చేసి, లంబసింగి దాటాక ఒక ఊళ్ళో పూల ప్రదర్శన పెడుతున్నామని, ఆ రెండురంగుల ఆంథూరియాలు తప్పకుండా తీసుకురమ్మని చెప్పారు. ఫోను స్పీకర్లో ఉంది. అత్తయ్యగారు వంకాయ తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపి, "వస్తామని చెప్పు" అన్నారు. వస్తాం అన్నారు, పంపిస్తాం అనలేదు. ఆ తేడా మావయ్యగారికి ముందు తెలిసింది.

"పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టే చోటది. నీ ఊపిరేంటి, నువ్వేంటి?" అన్నారాయన.

"వెళ్తే నేనూ నా పూలూ కలిసే వెళ్తాం. వాటిదీ నాదీ ఒకటే జబ్బు, చల్లగాలి పడదు. చల్లగాలి రాకుండా తీసుకెళ్ళడం మీ వంతు."

మా డాక్టరుగారు కూడా అదే చెప్పారు. మందులు దగ్గరుంచుకుని, వెచ్చగా వెళ్ళి వెచ్చగా రాగలిగితే ఫర్వాలేదని. మావారు టాక్సీ మాట్లాడారు. టాక్సీవాడు వచ్చి, మూరెడేసి కాడలతో ఉన్న పూలకుండీలు చూసి, సీట్లు పాడైపోతాయండీ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. దాంతో ఇంట్లో అందరి చూపూ కొబ్బరిచెట్టు కింద నిలబెట్టిన పాత బండి మీదికి వెళ్ళింది. మావయ్యగారు పిడికి తగిలించిన టిఫిను సంచీ తీసి నాకిచ్చి, "అమ్మాయ్, బానెట్ ఎత్తు" అన్నారు.

అసలు హీటరంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. కరెంటు తీగలేవో ఎర్రగా కాలతాయనుకునేదాన్ని. అదేం కాదు. ఇంజనుని చల్లబరచడానికి దాని చుట్టూ తిరిగే నీళ్ళు ఉంటాయి కదా, ఆ వేడినీళ్ళలో కొన్ని డాష్‌బోర్డు వెనకాల ఉన్న ఒక చిన్న రేడియేటర్లోకి కూడా వస్తాయి. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే మనకి వెచ్చన. అంతే. కాబట్టి హీటరు పని చెయ్యడం లేదంటే ఇంజను నీళ్ళ కథలోనే ఎక్కడో తప్పుంది. మా బండికి అప్పటికే ఒక వింత జబ్బు ఉండేది. హైవే మీద హాయిగా పోతుంటే టెంపరేచర్ ముల్లు అడుగునే పడుకునేది. అదే రాజమండ్రి ట్రాఫిక్‌లో నత్తనడక నడిస్తే మీటరు చివరున్న ఎర్రగీత వైపు ఎగబాకేది. పరిగెడితే చలి, నిలబడితే జ్వరం. "ఇది ఒక జబ్బు కాదమ్మాయ్, రెండున్నాయి దీనికి" అన్నారు మావయ్యగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. కళ్ళు పోతున్నాయన్న దిగులంతా మరిచిపోయి, పండగ సరుకులకి బయల్దేరినవాడిలా చేతులు రుద్దుకున్నారు.

మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీశాం. లోపల నీళ్ళు వరదగోదారిలా ఎర్రగా ఉన్నాయి. కూలెంటని ఆకుపచ్చ మందు కలిపిన నీళ్ళు పోయాలట అందులో. మావయ్యగారు ఇన్నేళ్ళూ బండి ఎక్కడ ఆగితే అక్కడి కాలవనీళ్ళు బకెట్టుతో ముంచి పోశారు. "గోదారి నీళ్ళే కదా" అన్నారు, కాస్త నామోషీగా. తర్వాత బండి స్టార్టు చేసి, ఇంజను నుంచి రేడియేటర్‌కి వెళ్ళే పై గొట్టం మీద ఆయన చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఇంజను వేడెక్కేదాకా ఆ గొట్టం చల్లగా ఉండి, అప్పుడు ఒక్కసారిగా కాలాలట. ఎందుకంటే మధ్యలో థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటుంది. నీళ్ళు కాగేదాకా అది మూసుకుని ఉండి, కాగాక తెరుచుకుంటుంది. మా గొట్టం మాత్రం మొదట్నించీ నెమ్మదిగా గోరువెచ్చనవుతూ వచ్చింది. నాలుగు బోల్టులు విప్పి చూస్తే అక్కడ తలుపు లేదు. ఖాళీ. మావయ్యగారు ఆ ఖాళీలో వేలు పెట్టి తడిమి చూసుకుని, పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఎప్పుడో ఎండల్లో బండి కాగిపోతే, హైవే పక్కన ఎవరో మెకానిక్కు "మన ఎండలకి ఇదెందుకండీ" అని పీకి పారేశాడట. ఈయనే తలూపి, పైగా కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి మరీ వచ్చారట.

రాజమండ్రి వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాం. పెట్టేముందు పనిచేస్తుందో లేదో చూడాలన్నారు మావయ్యగారు. ఎలా చూడటం? నీళ్ళలో వేసి కాచి. అత్తయ్యగారు పాలగిన్నె ఇవ్వనన్నారు, పప్పుగిన్నె ఇచ్చారు. స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, ఆ ఇత్తడి బిళ్ళని దారంతో వేలాడదీసి, ముగ్గురం పొయ్యి చుట్టూ మూగాం. నీళ్ళ అడుగున చిన్న బుడగలు కట్టాయి. ఏమీ లేదు. నీళ్ళు సన్నగా కూత పెట్టాయి. అప్పటికీ ఏమీ లేదు. "నకిలీ సరుకేమోనండీ" అని నేను అంటుండగానే అత్తయ్యగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బిళ్ళ మధ్యలో సన్నటి గీత కనిపించింది. అది నెమ్మదిగా వెడల్పయింది. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ చిన్న తలుపు దానంతటది తెరుచుకుంది. మావయ్యగారు "ఏమైందే, ఏమైంది?" అని అడుగుతున్నారు, ఆ ఆవిర్లో ఆయనకి కనబడటం లేదు. "విచ్చుకుందండీ. పొద్దున పువ్వు విచ్చుకున్నట్టే విచ్చుకుంది" అన్నారు అత్తయ్యగారు. ఆ తర్వాత ఆవిడే పొయ్యి కట్టేసి, మూసుకోవడం కూడా చూసి, మళ్ళీ వెలిగించమన్నారు. వంట ఆలస్యమైంది. మావారు కాలేజీ నుంచి వచ్చి, ముగ్గురం పప్పుగిన్నె చుట్టూ చప్పట్లు కొట్టడం చూసి, ఏమీ అడక్కుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

చలి జబ్బు తేలింది. ఇక జ్వరం. ఇంజను బాగా వేడెక్కాక ఆపేసి, మావయ్యగారు రేడియేటర్ మీద అరచెయ్యి దగ్గరగా ఆనీఆనకుండా పోనిచ్చారు, పసిబిడ్డ ఒళ్ళు చూసినట్టు. "ఇక్కడ వేడి. ఇక్కడ వేడి. ఇదుగో, ఈ మూలంతా చల్లగా ఉంది. అంటే ఇందులోకి నీళ్ళు పోవడం లేదు." డాష్‌బోర్డు వెనక్కి పోయే రెండు సన్నగొట్టాలూ నేను పట్టుకుని చూశాను. ఒకటి చుర్రుమంది, రెండోది చల్లగా ఉంది. వేడినీళ్ళు లోపలికి వెళ్తున్నాయి గానీ బయటికి రావడం లేదు. అంతా ఒండ్రు. ఏళ్ళ తరబడి పోసిన కాలవనీళ్ళు సన్నసన్నటి దారుల్లో మెత్తగా పేరుకుని కూర్చున్నాయి. అప్పుడు నర్సరీలో ఉండటం కలిసొచ్చింది. ఆ ఇంట్లో ఏం లేకపోయినా నీళ్ళగొట్టాలకి కరువు లేదు. గొట్టాలు ఊడదీసి, నీళ్ళు వచ్చే దారిన కాకుండా పోయే దారిన వెనక నుంచి మెల్లగా వదిలాం. ఎక్కువ వదిలితే లోపల పగిలిపోద్దని ఆయన పంపు దగ్గరే నిలబడ్డారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత దగ్గినట్టు ఒక చప్పుడు, ఆ వెంటనే కాఫీరంగు బురద నా చీర మీదికీ, గోడ మీదికీ, ఆరేసిన మావారి పంచె మీదికీ చిమ్మింది. "ఎంత వచ్చిందమ్మాయ్?" అని అడిగారు మావయ్యగారు. "కనకాంబరం నారు పోసుకోవచ్చండి" అన్నాను. నీళ్ళు తేటపడేదాకా అలాగే కడిగాం. రేడియేటర్నీ అలాగే కడిగాం.

అన్నీ బిగించి, కొత్త తలుపు పెట్టి, ఆకుపచ్చ కూలెంటు పోశాం. లోపల గాలి చిక్కుకుంటే మళ్ళీ మొదటికొస్తుందని బండిని కాలవగట్టు ఏటవాలు మీద ముక్కు పైకుండేలా నిలబెట్టి, మూత తీసే ఉంచి స్టార్టు చేసి, హీటరు పిడి ఎర్రగీత దాకా తిప్పాం. బుడగలు ఒకటొకటే పైకొచ్చి చిట్లాయి. మూత బిగించి ఇద్దరం లోపల కూర్చుని అద్దాలెత్తుకున్నాం. ముల్లు అడుగు నుంచి లేచి, మధ్యకొచ్చి, అక్కడ బుద్ధిగా కూర్చుంది. నేను ఫ్యాను స్విచ్చి వేశాను. మొదట పాతదుమ్ము, ఎండిన ఆకులు, బంగాళాదుంప వాసన లాంటిదేదో వచ్చింది. తర్వాత వెచ్చన. మోకాళ్ళ మీద మొదలై మొహం దాకా ఎక్కింది. మిట్టమధ్యాహ్నం, అద్దాలెత్తిన బండిలో, చెమటలు కారిపోతూ మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నాం. గట్టు మీద గేదెని తోలుకెళ్తున్నాయన ఆగి, అద్దం కొట్టి, "బండి ఆగిపోయిందాండి? తొయ్యమంటారా?" అని అడిగాడు. "లేదయ్యా, వేడిగా ఉందో లేదో చూస్తన్నాం" అన్నారు మావయ్యగారు. ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి, గేదెని అదిలించుకుని గబగబా వెళ్ళిపోయాడు.

ఆ సంతోషం రెండో పూటకి నిలవలేదు. ప్రయాణం మర్నాడనగా కుండీలు సర్దడానికి బండి తలుపు తీస్తే తియ్యటి వాసన కొట్టింది. ముందు అద్దం లోపలివైపు జిడ్డుగా మసకేసింది. కాళ్ళ కింద పట్టా పిండితే ఆకుపచ్చ నీళ్ళు. ఆ చిన్న రేడియేటర్‌కి ఎప్పుడో చిల్లు పడింది. ఇన్నాళ్ళూ ఆ ఒండ్రే దాన్ని మూసిపెట్టి కాపాడింది. మేం శుభ్రంగా కడిగి చిల్లు తెరిచాం. మావయ్యగారు పట్టా మీద చెయ్యి వేసి, వేళ్ళు వాసన చూసుకున్నారు. ఆ రెండుగొట్టాలూ కలిపి కట్టేస్తే బండికి ఏ ఇబ్బందీ లేదు, కొండెక్కుతుంది. వెచ్చదనం మాత్రం ఉండదు. ఆ సంగతి ఆయన అరుగు మీదికి వెళ్ళి అత్తయ్యగారికి చెప్పారు. ఆవిడ లేచారు. లోపలికి వెళ్ళి, తను సర్దుకున్న సంచీలోంచి స్వెట్టరు తీసి బీరువాలో పెట్టి, కుండీలకి చుట్టడానికి పాత దుప్పట్లు పట్టుకొచ్చి నాకిచ్చారు. "ఆ రెండురంగుల దానికి రెండు చుట్లు చుట్టమ్మా. మలుపుల్లో కుండీ ఎవరన్నా పట్టుకోవాలి. నీళ్ళు పొయ్యకు, తడిగుడ్డతో ఆకులు తుడిస్తే చాలు" అని చెబుతున్నారు. గొంతు మామూలుగానే ఉంది. చెప్పాల్సినవన్నీ అయిపోయాక కూడా ఆవిడ చెయ్యి ఆ ఆకు మీదే ఉండిపోయింది.

నేను దుప్పట్లు అక్కడే పడేసి బయటికొచ్చాను. "మావయ్యగారూ, ఆ చిన్న రేడియేటర్ బయటికొస్తుందా?" అని అడిగాను. "డాష్‌బోర్డు సగం విప్పాలి" అన్నారు. విప్పుదామన్నాను. మావారిని కూడా పిలిచాం. విప్పిన ప్రతి స్క్రూనీ వేరువేరు గ్లాసుల్లో వెయ్యడం ఆయన పని. సమాసాలు విడదీసినంత శ్రద్ధగా చేశారు. అరచెయ్యంత ఇత్తడిముక్క చేతికొచ్చేసరికి నా మోచేతులు రెండూ దోక్కుపోయాయి. దాన్ని గుడ్డలో చుట్టుకుని రాజమండ్రి పరిగెత్తాం. రేడియేటర్లకి టంకం వేసే ఆయన దుకాణం కట్టేస్తున్నారు. కట్టేశామండీ, రేపు రండి అన్నారు. మావయ్యగారు, "బాబూ, మా ఆవిడ చలికాలంలో ఊరు దాటి నలభయ్యేళ్ళయింది. రేపు దాటాలి" అన్నారు. ఆయన షట్టరు మళ్ళీ పైకెత్తారు. దాన్ని నీళ్ళతొట్టిలో ముంచి గాలి ఊదితే ఒకేచోట నుంచి ముత్యాల్లా బుడగలు వచ్చాయి. అక్కడ టంకం పడింది. మళ్ళీ ముంచారు. బుడగ రాలేదు. ఇంటికొచ్చి, భోజనాలు కూడా మరిచిపోయి బిగించాం. ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. ముందు నేనూ మావయ్యగారూ, వెనక సీట్లో కుండీల మధ్య అత్తయ్యగారు. మావారు కాలేజీకి సెలవు పెట్టి, తాళ్ళూ బకెట్టూ మధ్య వెనక తొట్టిలో కూర్చుంటానన్నారు గానీ తుని దాటేసరికి లోపలికొచ్చి ఒక కుండీ ఒళ్ళో పెట్టుకున్నారు. నర్సీపట్నంలో టిఫిన్లూ భోజనాలూ కలిపి చేసేసి ఘాట్ ఎక్కేసరికి పొద్దు వాలింది. రోడ్డుకి రెండువైపులా మంచు దిగుతోంది. నేను పిడి ఎర్రగీత వైపు తిప్పాను. వెచ్చటి గాలి మెల్లగా వెనక్కి పాకింది. కాసేపటికి అద్దంలో చూస్తే అత్తయ్యగారు చెవుల్లోంచి దూది తీస్తున్నారు. తర్వాత మఫ్లరు. తర్వాత శాలువా మడతపెట్టి కుండీకి ఆసరాగా పెట్టారు.

సగం ఘాట్‌లో నిండా జనంతో ఒక బస్సు ముందుంది. దాని వెనక నడకనే ఎక్కాలి. ముల్లు మధ్యనుంచి కదిలింది. నేను చెప్పకముందే మావయ్యగారు, "బెల్టు కూస్తోంది, విన్నావా? ఇంజను ఫ్యానుని అది సరిగ్గా తిప్పడం లేదు. ఆపడానికి చోటు దొరికేదాకా హీటరు, దాని ఫ్యానూ మొత్తం పెట్టేయ్, ఇంజను వేడి మనమే తీసుకుందాం" అన్నారు. పెట్టాను. బండి లోపల వైశాఖమాసం వచ్చేసింది. ముల్లు ఆగింది గానీ వెనక నుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది: "పూలు వాడిపోతాయి." హీటరు తగ్గిస్తే ఇంజను పోతుంది, తగ్గించకపోతే పూలు. అద్దం దించితే ఆవిడ ఊపిరి. ఏం చెయ్యాలో తోచక నేను మలుపు తిప్పుతుండగా, వెనక అద్దం కిర్రుమని దిగిన చప్పుడైంది. దించింది ఆవిడే. మంచు పొగలా లోపలికి దూసుకొచ్చింది. "ఏమేవ్, నీకేమన్నా పిచ్చా" అని మావయ్యగారు వెనక్కి తిరిగారు. ఆవిడ మొహం కిటికీ దగ్గర పెట్టి, చెయ్యి బయటికి చాపి, ఆ తెల్లటి గాలిని వేళ్ళ మధ్యనుంచి పోనిస్తున్నారు. "కింద వెచ్చగానే ఉందండీ. పైన చల్లగా ఉంది. రెండూ కలిసి బావుంది, ఊరుకోండి" అన్నారు. నేను చెవులు రిక్కించుకుని ఆవిడ ఊపిరే వింటున్నాను. పిల్లికూతలు లేవు. మలుపు తర్వాత మలుపు, ఎర్రటి పూలు నా భుజం పక్కన ఊగుతూ, ముల్లు ఎర్రగీతకి వేలెడు దూరంలో నిలబడి, మేం అలాగే ఎక్కేశాం. పైన వెడల్పు చోట ఆపి, ఇంజను కాస్త చల్లారాక, మావారు టార్చి పడితే నేను బెల్టు బిగించాను. మావయ్యగారు వేలితో బెల్టుని మీటి చూసి, వీణ శ్రుతి సరిపోయినట్టు తలూపారు.

ప్రదర్శనలో మొదటి బహుమతి ఆంథూరియానికి రాలేదు. ఆ కొండమీద పెరిగిన, పళ్ళెమంత డాలియాకి వచ్చింది. అత్తయ్యగారు ఆ డాలియా ముందు చాలాసేపు నిలబడి, "న్యాయమేనమ్మా" అన్నారు. ఎవరికీ ఇవ్వని తన పసిదాన్ని మాత్రం ఆ డాలియా పెంచినావిడకి ఇచ్చేశారు, ప్రతిగా నాలుగు డాలియా దుంపలు కొంగున కట్టించుకుని. ఆ రాత్రి ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. పొద్దున లేచి చూస్తే పక్కమీద లేరు. కంగారుగా బయటికొస్తే, బండి స్టార్టు చేసుకుని, లోపల కాళ్ళు వెచ్చగా పెట్టుకుని, అద్దం దించుకుని, లోయలో మేఘాలు చూస్తున్నారు. ఇంజను ఎలా స్టార్టు చెయ్యాలో ఆవిడ ఎప్పుడు చూసి నేర్చుకున్నారో మావయ్యగారికి కూడా తెలీదు.

ఆ తర్వాత ప్రతి చలికాలమూ ఎక్కడికో అక్కడికి వెళ్ళాం. పట్టిసీమ వెళ్ళాం, మారేడుమిల్లి వెళ్ళాం, అరకు వెళ్ళాం. ఆవిడ పోయిన ఏడాది వరకూ వెళ్ళాం. ఆవిడ తర్వాత మావయ్యగారు బండి ఎక్కడం మానేశారు, కొన్నాళ్ళకి ఆయనా వెళ్ళిపోయారు. బండిని ఎవరో కొండల వైపు వాళ్ళే కొనుక్కుపోయారు. ఆ ఇంట్లో నేను గడిపిన ఏళ్ళు చాలానే ఉన్నాయి. అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కానీ ఆ ఒక్క వారంలో ఏ పూట ఏ బోల్టు విప్పామో, ఎవరు ఏమన్నారో, ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఇప్పటికీ ఒక్కటీ పోలేదు. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందంటారు గానీ, నా మట్టుకు అది నిజంగా నడిచింది ఆ వారమే.